కాటా మీద ఒక్కడే

పక్క ఫ్లాటు వాళ్ళబ్బాయిని డాక్టరు కాటా ఎక్కించి, మందు రాయకుండా రెండు పేజీల ప్రశ్నపత్రం చేతిలో పెట్టాడట. పిల్లాడు లావెక్కడంలో ఇంటి చెయ్యి ఎంతుందో తేల్చే పరీక్ష అది. "పేపర్లలో రాస్తుంటారు కదండీ, కాస్త మంచి భాషలో నింపిపెట్టండి" అని ఆ ఇంటాయన నన్ను పిలిచాడు. వెళ్ళేసరికి ఇల్లంతా పరీక్షకు కూర్చుని ఉంది. తొమ్మిదేళ్ళ వాడొక్కడే సోఫాలో క్రికెట్ ఆడుకుంటున్నాడు, ఫోన్లో.

తినేటప్పుడు తెర చూస్తాడా అన్నది మొదటి ప్రశ్న. "అబ్బే, లేదండీ" అంది తల్లి. "పెట్టకపోతే ముద్ద ముట్టడు" అంది నాయనమ్మ. కొడుక్కి చందమామను చూపించి తినిపించిన చెయ్యే అది. అపార్ట్‌మెంట్ల మధ్య చందమామ కనపడక మనవడికి యూట్యూబ్ చూపిస్తోంది. చందమామతో ఒక సుఖం ఉండేది, కాసేపటికి విసుగొచ్చి పిల్లాడు మూతి తిప్పేసేవాడు. కార్టూన్‌కి ఆ గుణం లేదు. కడుపు నిండిన సంగతి వాడికి తెలిసేలోగా నాలుగు నెయ్యి ముద్దలు లోపలికి దిగిపోతాయి. ఆ పైన అమ్మ ముద్ద, నాన్న ముద్ద, డల్లాస్ బాబాయి ముద్ద. చుట్టాలు ఎక్కువున్న ఇల్లు మరి.

"లావేమిటి నాయనా, కాస్త ఒళ్ళు చేశాడంతే. ఎదిగితే అదే కరుగుతుంది. నలుగురి దిష్టీ తగిలింది" అని నాయనమ్మ తేల్చేసింది. డాక్టరు దగ్గర్నుంచి రాగానే ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఎండన పడొచ్చి నీరసించాడని ఓ సున్నుండ చేతిలో పెట్టింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్ళలోపు పిల్లల్లో అధిక బరువున్నవాళ్ళు 2015-16లో నూటికి 2.1 మంది, 2019-21 నాటికి 3.4. దేశం మొత్తానికి అంత దిష్టి ఎవరు పెడుతున్నారో! ఆ 2019-21 సర్వేలోనే వయసుకు తగ్గ ఎత్తు ఎదగని పిల్లలు నూటికి 35.5 మంది తేలారు. వాళ్ళకు దిష్టి తీసేవాళ్ళు లేరు కాబోలు.

చక్కెర ప్రశ్న దగ్గర "తక్కువే అని రాయండి" అన్నారు. పాలలో డబ్బా పొడి రెండు చెంచాలు, రుచికి మళ్ళీ చక్కెర ఓ చెంచా. ఇలాంటి పానీయాలను 'హెల్త్ డ్రింక్' పేరు కింద పెట్టి అమ్మొద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ కొట్లకు చెప్పింది. ఈ వంటింట్లో మాత్రం దాని పదవి చెక్కుచెదరలేదు. అదనపు చక్కెర రోజుకు 25 గ్రాములు దాటొద్దని అదే ఏడాది తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పింది. మా హబ్సిగూడకు అది కూతవేటు దూరం. కూత ఇంకా చేరినట్టు లేదు. చక్కెర ఎంత తినొచ్చో చెప్పే బోర్డులు బళ్ళలో పెట్టమని 2025 మేలో సీబీఎస్ఈ ఆదేశించింది కదా, ఇంట్లోనూ పెడదామంటే ఫ్రిజ్ తలుపే తగిన చోటు. అక్కడ పిజ్జా కొట్టు ఫోన్ నంబరు అతికించి ఉంది.

రోజుకో గంట ఒళ్ళు అలిసేలా ఆడాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. "మేమూ ఆడమనే మొత్తుకుంటామండీ" అన్నాడు తండ్రి. కింద పార్కింగ్‌లో 'బంతి ఆటలు నిషేధం' బోర్డు వేలాడుతోంది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కార్యదర్శిగా దాని మీద సంతకం ఈయనదే. మొదటి అంతస్తుకి లిఫ్టు, గేటు దాకా స్కూలు బస్సు, సాయంత్రం ట్యూషను. ఇక మిగిలిన కాళ్ళతో వాడేం చేసుకుంటాడో వాడిష్టం.

ఇంట్లోకి ఏ తిండి రావాలో నిర్ణయించేది ఎవరు? ఇది చివరి ప్రశ్న. మూడు వేళ్ళూ ఒకేసారి సోఫా వైపు తిరిగాయి. వాడికి పర్సు లేదు, బండి లేదు, ఓటీపీ వచ్చే నంబరూ లేదు. "వాడి కోసమే తెస్తామండీ, మాకెందుకు ఇవన్నీ" అన్నాడు తండ్రి, చిప్స్ ప్యాకెట్ అడుగున తడుముతూ. అలాగే రాశాను.

ఈ హడావిడిలో వంట కాలేదు. ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీ చెప్పారు. డాక్టరు మాట కాబట్టి పథ్యం మాత్రం ఆ పూటే మొదలుపెట్టారు. బిర్యానీతో ఊరికే వచ్చిన కీరా, ఉల్లిపాయ ముక్కలు పిల్లాడి ముందు పెట్టి, మిగతాది మేం నలుగురం పంచుకున్నాం.