గల్లాపెట్టెకు గొంతొచ్చింది

చింతపండు బస్తా దిగితే మన షావుకారు అడుగు దాకా చెయ్యి పెట్టి చూస్తాడు. గింజ తీశారా, తేమ ఉందా, బస్తా బరువు కూడా తూకంలో కలిపేశారా అని నిలదీస్తాడు. కిలోకు రూపాయి దగ్గర అరగంట బేరం సాగుతుంది. రోజంతా అమ్మిన డబ్బు ఎవరి చేతుల మీదుగా తన ఖాతాకు చేరాలో తేల్చుకోవడానికి మాత్రం అదే మనిషికి రెండు నిమిషాలు ఎక్కువ. మెడలో ట్యాగు వేసుకున్న కుర్రాడొకడు వచ్చి ఆధార్ అడుగుతాడు, ఫోన్‌కొచ్చిన ఓటీపీ చెప్పమంటాడు, బిస్కెట్ల సీసా మీద స్టిక్కరు అంటించి పక్క దుకాణానికి పోతాడు. అయిపోయింది, వ్యాపారం డిజిటలైంది. ఈ ఎంపికలో కాస్తో కూస్తో ఆలోచన జరిగిందంటే అది గొంతు గురించి. 2024లో ఫోన్‌పే, డబ్బు పడగానే అరిచే తన స్పీకరు డబ్బాలో తెలుగువాళ్ల కోసం మహేశ్‌బాబు గొంతు పెట్టింది. ఉప్పు ప్యాకెట్టు కొన్నా సూపర్‌స్టారే వచ్చి లెక్క చెబుతుంటే ఛార్జీల గురించి అడగడం మర్యాద కాదనిపిస్తుంది కాబోలు.

ఆ డబ్బా నోట వచ్చే మాటను కాస్త శ్రద్ధగా వినాలి. డబ్బు అందిందంటుందే తప్ప ఎవరికి అందిందో చెప్పదు. నేరుగా బ్యాంకు ఖాతాకు ముడిపడిన క్యూఆర్ అయితే సరే. మధ్యలో పేమెంట్ అగ్రిగేటర్, అంటే మన తరఫున వసూలు చేసిపెట్టే కంపెనీ, ఉంటే సొమ్ము ముందు వాళ్ల ఎస్క్రో ఖాతాలోకి వెళ్లి, సాధారణంగా మర్నాడు మనకు చేరుతుంది. సెలవు రోజైతే ఎప్పుడు వేస్తారన్నది ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. ఆ ఒప్పందం చదివిన వ్యాపారిని చూపిస్తే సన్మానం చేయొచ్చు. పొద్దున్నే మార్కెట్ యార్డులో నగదు పెట్టి సరుకెత్తే కూరగాయల వ్యాపారికి ఈ ఒక్క రాత్రి తేడా చిన్నది కాదు. రాత్రి తన డబ్బు తన దగ్గర లేకపోతే తెల్లారి అప్పు చేయాలి.

‘ఫ్రీ కదండీ, యూపీఐకి ఒక్క పైసా కోత లేదు’ అంటారు. నిజమే. 2020 జనవరి 1 నుంచి యూపీఐ, రూపే డెబిట్ కార్డు చెల్లింపుల మీద ఎండీఆర్, అంటే వ్యాపారి నుంచి కోసుకునే వాటా, సున్నా. కానీ సున్నా మీద ఎవరూ కంపెనీ నడపరు. చిన్న వ్యాపారులకు వచ్చే 2,000 రూపాయల లోపు చెల్లింపుల మీద 0.15 శాతం చొప్పున కేంద్రం ప్రోత్సాహకం ఇచ్చింది. 2024-25కు దాని అంచనా 1,500 కోట్లు. దేశమంతా బ్యాంకులూ యాప్‌లూ పంచుకుంటే అది చేతికి అంటుకునేంతే. మిగతాది మన కౌంటరు మీంచే రావాలి. డబ్బా అద్దె నెలనెలా పోతుంది. రోజూ మన అమ్మకం ఎంతో వాళ్లకు తెలుసు కాబట్టి భాగస్వామి ఫైనాన్స్ కంపెనీ నుంచి అప్పు ఇప్పిస్తారు, కిస్తు రోజూ వసూళ్లలోంచే పోతుంది. పాత డైలీ ఫైనాన్స్ మనిషి సాయంత్రం సైకిలేసుకుని వచ్చేవాడు. వచ్చినప్పుడు కనీసం రేపిస్తానని బతిమాలుకునే వీలుండేది. ఇప్పుడు డబ్బు మన దాకా రాకముందే దారిలో ఆగి ఇచ్చి వస్తుంది. అప్పు తప్పు కాదు, వడ్డీ ఎంతో నోటితో చెప్పలేకపోవడం తప్పు.

కార్డు దగ్గరికొస్తే సున్నా కూడా మాయమవుతుంది. క్రెడిట్ కార్డుకు 2 శాతం అనుకుందాం. పది వేల బిల్లుకు రెండు వందలు, దాని మీద 18 శాతం జీఎస్టీ ముప్ఫయ్యారు, వెరసి 236 రూపాయలు. రెండు శాతమే కదా అని చెయ్యి ఊపేస్తాం. కానీ ఆ సరుకు మీద మిగిలేది 8 శాతమైతే, ఎనిమిది వందల లాభంలో పదింట మూడు పాళ్లు మెషిన్ మింగేసినట్టే. జీఎస్టీ కాంపోజిషన్ స్కీములో ఉన్నవాడికి ఆ ముప్ఫయ్యారు తిరిగి కూడా రావు. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలిపి కట్టేవాళ్లు వచ్చాక సున్నాకు ఇంకో చిల్లు పడింది. చిన్న దుకాణానికి మినహాయింపు 2,000 రూపాయల దాకానే.

అమెరికాలో ఉన్న పిల్లలకు ఆవకాయ పంపే వ్యాపారులది మరీ వింత అవస్థ. విదేశీ కార్డు మీద కోత మామూలు కార్డు కంటే ఎక్కువ. అది కట్టి, పార్శిలు కట్టి, హమ్మయ్య అనుకున్న మూడు నెలలకు ఛార్జ్‌బ్యాక్ దిగుతుంది. సరుకు అందలేదని కార్డుదారు అక్కడి బ్యాంకులో ఒక్క మాట అంటే చాలు, ఇక్కడ డబ్బు వెనక్కి లాగుతారు. కార్డు నెట్‌వర్కులు ఇలాంటి ఫిర్యాదుకు సాధారణంగా 120 రోజుల దాకా గడువిస్తాయి. నాలుగు నెలలంటే జాడీ అడుగు కనబడే గడువే. అందిందని రుజువు చేయాల్సింది అమ్మినవాడు. కొరియర్ రసీదు ఎక్కడ అప్‌లోడ్ చేయాలో, ఎన్ని రోజుల్లో చేయాలో, తెలుగులో కాకపోయినా ఏదో ఒక మనిషి భాషలో చెప్పేవాడు ఉన్నాడా లేడా అన్నది గేట్‌వేను ఎంచుకునేటప్పుడే అడగాలి. మనం అడిగేది వెబ్‌సైట్‌లో బటన్ ఏ రంగులో ఉంటుందని.

‘పెద్ద కంపెనీ, ఊరూరా బోర్డులున్నాయి, భయమేముంది’ అనేవాళ్లూ ఉన్నారు. 2024 జనవరి 31న రిజర్వు బ్యాంకు పేటీఎం పేమెంట్స్ బ్యాంకు మీద ఆంక్షలు పెట్టింది. మార్చి 15 తర్వాత ఆ బ్యాంకు ఖాతాల్లో కొత్త జమలు కుదరవంది. అదే నీలం స్టిక్కరు, అదే డబ్బా, అదే వీధి. సొమ్ము వేరే బ్యాంకు ఖాతాలో పడేలా పెట్టుకున్న దుకాణదారుడికి ఏమీ కాలేదు. ఆ పేమెంట్స్ బ్యాంకు ఖాతాలోనే పడేలా ఉంచుకున్నవాడు కొత్త ఖాతా కోసం పరుగెత్తాడు. ఇద్దరి మధ్య తేడా ఫారంలో ఒక గడి. ఆ గడి నింపింది చాలాచోట్ల ట్యాగు కుర్రాడే.

‘అందుకే నాలుగూ పెట్టాం’ అనే జాగ్రత్తపరులకు నమస్కారం. వాళ్ల కౌంటరు మీద పసుపు ప్యాకెట్టు పెట్టే చోటుండదు. ఏ యాప్‌తోనైనా ఏ యూపీఐ క్యూఆర్‌కైనా కట్టొచ్చు కాబట్టి నాలుగు స్టిక్కర్లు ఒక పనే నాలుగుసార్లు చేస్తాయి. 2025 మార్చి 26న, మళ్లీ ఏప్రిల్ 12న దేశమంతా యూపీఐ మొరాయించినప్పుడు నాలుగు డబ్బాలూ కలిసికట్టుగా మౌనం పాటించాయి. ఒక్క మన బ్యాంకే మొరాయించే రోజు కోసం రెండో స్టిక్కరు ఉండటం మంచిదే, కానీ అది రెండో బ్యాంకుదై ఉండాలి. నాలుగూ ఒకే ఖాతాలోకి పోతుంటే అవి అలంకారం.

రేపు షట్టరు ఎత్తగానే ఇంకో ఫోన్ నుంచి మీ స్టిక్కరుకు మీరే ఒక్క రూపాయి కొట్టండి. తెర మీద వచ్చిన పేరు మీదేనా, పైన ఎవరైనా ఇంకో స్టిక్కరు అతికించి పోయారా చూడండి. డబ్బా అరిచాక బ్యాంకు యాప్ తెరిచి, ఆ రూపాయి ఏ బ్యాంకులో, ఏ రోజు, ఎన్ని గంటలకు పడిందో రాసుకోండి. పడకపోతే ఏ నంబరుకు ఫోన్ చేయాలో స్టిక్కరు కిందే పెన్నుతో రాయండి, ఆ నంబరు మీ దగ్గర ఉంటే.