నియర్ మింట్ అని రాసే ముందు

పాత పాప్ సింగిల్స్ అమ్మే అయ్యా,

మీ దగ్గర కొన్న 45 ఆర్‌పీఎం సింగిల్ నాకు చేరింది. కవరు మీద ‘నియర్ మింట్’, అంటే దాదాపు కొత్తది, అని మీరే రాశారు. ముల్లు పెట్టగానే పాట కంటే ముందు గరగర వినిపించింది. దీపం కింద ఏటవాలుగా పట్టుకుంటే గాడులు బూడిద రంగు తేలి ఉన్నాయి. లేబుల్ మీద స్పిండిల్ గీతలు చాలాసార్లు మోగిన సంగతి చెబుతూనే ఉన్నాయి. ఈ అలవాటు మీ ఒక్కరిదే కాదు. అందుకే పేరు పెట్టకుండా, అందరూ చదివేలా రాస్తున్నాను.

రికార్డుల స్థితికి గ్రేడ్ వేసే గోల్డ్‌మైన్ కొలమానంలో, నియర్ మింట్ కింది మెట్టైన వీజీ ప్లస్‌కు నియర్ మింట్ ధరలో సుమారు సగం, ఆ కింది మెట్టైన వీజీకి పావు వంతు. ఒక్క మెట్టు ఎక్కువ వేస్తే ధర రెట్టింపవుతుంది. దూరాన ఉన్న మాకు మీ మాటే ఆధారం. వెనక్కి పంపుదామంటే తపాలా ఖర్చు రికార్డు ధరనే మించిపోతుంది.

చూసి గ్రేడ్ వేశామంటారు. చూపు చాలదు. 1960లలో అమెరికాలో చాలా సింగిల్స్‌ను వినైల్‌తో కాక స్టైరీన్‌తో చేశారు. అది పైకి నిగనిగలాడుతూనే లోపల అరిగిపోతుంది. వింటేగానీ తెలియదు.

ఇది డబ్బు గొడవ మాత్రమే కాదు. 1962 అక్టోబరు 5న బ్రిటన్‌లో వచ్చిన బీటిల్స్ సింగిల్ ‘లవ్ మీ డూ’ సంగతి చూడండి. ఎర్ర పార్లోఫోన్ లేబుల్‌తో వచ్చిన ఆ తొలి ముద్రణలో డ్రమ్స్ రింగో స్టార్‌వి. ఆ తర్వాతి ఆల్బమ్‌లో ఉన్నది ఆండీ వైట్ అనే మరో డ్రమ్మర్ వాయించిన రికార్డింగు. రింగో వాయించినదాని మాస్టర్ టేపు మిగల్లేదు. తర్వాత దాన్ని మళ్లీ విడుదల చేయడానికి పాత సింగిల్ నుంచే శబ్దాన్ని తీసుకోవలసి వచ్చింది. టేపు పోయినచోట శుభ్రమైన రికార్డే సాక్ష్యం. ఏది శుభ్రమైనదో చెప్పాల్సిన గ్రేడే అబద్ధమైతే ఆ సాక్ష్యాన్ని ఎలా గుర్తుపట్టాలి?

కాబట్టి నా విన్నపాలు ఇవీ. గట్టి వెలుతురులో రెండు వైపులా చూడండి. ముల్లు పెట్టి చివరిదాకా వినండి. కవరుకు, రికార్డుకు వేర్వేరు గ్రేడ్లు ఇవ్వండి. లేబుల్ మీద రాతలుంటే, రికార్డు వంగి ఉంటే, ముల్లు ఎక్కడైనా దూకితే దాచకుండా రాయండి. అనుమానం వస్తే ఒక మెట్టు తగ్గించండి. అరిగిందని ముందే చెబితే అరిగిన రికార్డునూ సంతోషంగా కొంటాం. మాట తప్పిన అమ్మకందారు దగ్గర మాత్రం మళ్లీ కొనం.

ఇట్లు,
మీ దగ్గర కొన్న ఒక సేకరణకర్త