బంతి పిసుకు, నొప్పి మరువు

మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఆఫీసుల్లో ఏటా ఓ జాతర జరుగుతుంది. పేరు వెల్‌నెస్ వీక్. సోమవారం పొద్దున ప్రతి సీటు మీదా ఓ అట్టపెట్టె ప్రత్యక్షం. మూత తీస్తే కంపెనీ లోగో వేసిన నీళ్ల సీసా, మౌస్ ముందు పరుచుకునే జెల్ ప్యాడ్, పిసుక్కోవడానికి ఓ రబ్బరు బంతి. పెట్టె అందుకున్న కుర్రాడికేమో అర్ధరాత్రి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి మెలకువ వచ్చేస్తోంది. చెయ్యి విదిలించుకుంటే గానీ మళ్లీ కన్ను మూతపడదు. పగలు కాఫీ కప్పు చేతిలోంచి జారుతోంది. హెచ్చార్‌కి మొరపెట్టుకున్నాడు. మొర ఆలకించి బంతి ఇచ్చారు.

ఈ బంతి ఘనత చూడండి. మణికట్టులో ఇరుకైన సొరంగం ఒకటుంది. వేళ్లను ముడిచే తొమ్మిది టెండన్లు, వాటితోపాటు మీడియన్ నరం అందులోంచే దూరి వెళ్లాలి. లోపల వాపొస్తే నలిగేది నరమే. డాక్టర్లు కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అనేది దీన్నే. పిడికిలి బిగించిన ప్రతిసారీ ఆ టెండన్లకు పనే. అంటే పొద్దుట్నుంచీ అరిగిపోయినవాటికి విరామంలో ఓవర్‌టైమ్ అన్నమాట! జెల్ ప్యాడ్ కూడా తక్కువ తినలేదు. మౌస్ ఆడిస్తున్నంతసేపూ మణికట్టు దానికి ఆనిస్తే ఒత్తిడి పోయిపోయి ఆ సొరంగం మీదే పడుతుంది.

తిమ్మిరి వచ్చిన ప్రతి చేతికీ కీబోర్డే శత్రువని కాదు. షుగరు, థైరాయిడ్, బి12 లోపం, మెడలో నొక్కుకున్న నరం, ఇవన్నీ ఉంటాయి. చిటికెనవేలు మొద్దుబారితే మోచేతి దగ్గర వెతకాలి. డాక్టరు ఈ మాట చెబితే పరీక్షకు పంపుతాడు. హెచ్చార్ ఇదే మాట చెబితే ఫైలు మూసేస్తుంది.

ఇక సీనియర్ల సలహా ఒకటి: ‘మౌస్ ఎడంచేతికి మార్చు.’ ఇదేం కొత్త చిట్కా కాదు. వృత్తిరోగాల మీద పుస్తకం రాసిన ఇటలీ వైద్యుడు బెర్నార్దినో రమజ్జిని 1713లో దాన్ని పెంచి రాస్తూ రాతగాళ్ల జబ్బులను కూడా చేర్చాడు. కదలకుండా కూర్చోవడం, చేతిని ఒకే తీరున ఆడించడం, తప్పు దొర్లుతుందేమోనని మనసు బిగబట్టుకోవడం కారణాలన్నాడు. (రిలీజ్ రాత్రి మేలుకున్నవాళ్లకు మూడోది వివరించక్కర్లేదు.) ఆయనెరిగిన దస్తావేజు లేఖరి ఒకాయనకు కుడిచెయ్యి చచ్చుబడింది. పట్టుదల మనిషి, ఎడంచేత్తో రాయడం నేర్చుకున్నాడు. కొన్నాళ్లకు అదీ పడిపోయింది.

చెయ్యి మార్చినా పని మారలేదు మరి. బ్రిటన్‌లో 1993 నుంచీ అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, తెర ముందు పనిచేసేవాళ్లకు మధ్యమధ్య విరామమో వేరే పనో ఉండేలా చూడటం యజమాని బాధ్యత. ఇక్కడ 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి యువత వారానికి 70 గంటలు పనిచెయ్యాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ అధిపతి సుబ్రహ్మణ్యన్ పాటను 90కి పెంచారు. ఆ గంటల్లో బంతి పిసికే సమయం కలిసి ఉందో లేదో ఎవరూ చెప్పలేదు.

పోనీ, కుర్రాడే లేచి నాలుగడుగులు వేద్దామంటే ల్యాప్‌టాప్ ఊరుకోదు. అందులో ఒక యాప్ ‘లేవండి, చేతులు చాచండి’ అని గంట కొడుతుంది. లేచిన అయిదు నిమిషాలకల్లా పక్కనున్న టీమ్స్ అతని పేరు మీది పచ్చచుక్కను పసుపు చేసేస్తుంది. వెంటనే మేనేజరు మెసేజ్: ‘ఎక్కడున్నావ్?’ ఈ బాధ పడలేక కొందరు మౌస్ జిగ్లర్ కొనుక్కుంటారు. అది మౌస్‌ను కదుపుతుంటుంది, చెయ్యి ఒళ్లో విశ్రాంతిగా ఉంటుంది. నిజానికి వెల్‌నెస్ పెట్టెలో పెట్టాల్సిన సరుకు అదొక్కటే. అయితే కీబోర్డు ఆడుతున్నట్టు నటించారని అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు 2024లో డజనుకు పైగా ఉద్యోగులను ఇంటికి పంపేసింది.