లెన్సు బాబాయి: లక్షణ విచారణ

డిజిటల్ కెమెరా అడుగుపెట్టిన ప్రతి తెలుగు చుట్టరికంలోనూ కనీసం ఒక లెన్సు బాబాయి ఉంటాడు. ఫొటోలు తీసేవాడిని ఫొటోగ్రాఫర్ అంటారు గాని లెన్సు బాబాయి ఆ కోవకు చెందడు. ఏ లెన్సుతో తీస్తే బాగుంటుందో నిర్ణయించడం, సరిగ్గా చెప్పాలంటే ఆ నిర్ణయాన్ని వాయిదా వేస్తూ ఉండటం ఆయన ప్రధాన వ్యాపకం. వరసకు ఆయన మేనమామ కావచ్చు, పెద్దబావగారు కావచ్చు, ఆఫీసులో పక్క కుర్చీ ఆసామీ కావచ్చు. పిలుపు ఏదైనా లక్షణాలు ఒక్కటే కనుక, ప్రస్తుత విచారణ విశాఖపట్నంలో కాపురముంటూ ఒక ప్రభుత్వ కార్యాలయంలో జమాఖర్చుల పద్దులు చూసే ఒకానొక బాబాయిని నమూనాగా స్వీకరిస్తున్నది.

నమూనా బాబాయి దగ్గర ఉన్నది 2013లో విడుదలైన నికాన్ డి5300, అంటే క్రాప్ సెన్సర్ కెమెరా. ఫిల్ము రోజుల్లో మామూలు ఫొటో చట్రం 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు ఉండేది, అంతే కొలత గల సెన్సర్‌ను ఫుల్ ఫ్రేమ్ అనీ, దానికంటే చిన్నదై సుమారు 23.5, 15.6 మి.మీ. కొలతలతో ఉండేదాన్ని క్రాప్ సెన్సర్ అనీ వ్యవహరిస్తారు. చిన్న చట్రంలో దృశ్యపు అంచులు పట్టవు కనుక, లెన్సు ఏదైనా దాని ఫోకల్ లెంగ్త్ ఒకటిన్నర రెట్లు అయినట్టు కనిపిస్తుంది. మిల్లీమీటర్లలో చెప్పే ఆ అంకె తగ్గేకొద్దీ దృశ్యం విశాలమవుతుందనీ, పెరిగేకొద్దీ దూరాన ఉన్నది దగ్గరకు వస్తుందనీ గ్రహిస్తే ప్రస్తుతానికి చాలు. ఈ కారణం చేత బాబాయికి ఒకటిన్నర ఎక్కం కంఠతా వచ్చు. పదహారు ఒకటిన్నరలు ఇరవై నాలుగు, పద్దెనిమిది ఒకటిన్నరలు ఇరవై ఏడు అంటూ ఆయన భోజనాల దగ్గర వల్లిస్తుంటే విని విని, ఆ ఇంటి పిల్లలకు రెండో ఎక్కం కంటే ముందు ఇదే వచ్చింది. కానన్ క్రాప్ కెమెరాల్లో ఆ గుణకం 1.6 కావడం వల్ల నోటిలెక్క కష్టమని, కానన్ కొన్న బంధువులను ఆయన ఒకింత జాలితో పలకరిస్తాడు.

కెమెరాతో పాటు పెట్టెలో వచ్చే లెన్సును కిట్ లెన్సు అంటారు. బాబాయికి వచ్చినది 18-55, దాని మీద రాసి ఉన్నది ఎఫ్/3.5-5.6. ఈ ఎఫ్ అంకె లెన్సులో వెలుతురు ప్రవేశించే రంధ్రానికి, అంటే అపర్చరుకు సంబంధించినది; ఫోకల్ లెంగ్త్‌ను ఆ రంధ్రపు వ్యాసంతో భాగిస్తే వచ్చేది కనుక, అంకె చిన్నదైతే రంధ్రం పెద్దదని అర్థం. ఎఫ్/2.8 దగ్గర లోపలికి వచ్చే వెలుతురు ఎఫ్/5.6 దగ్గర వచ్చేదానికి నాలుగు రెట్లు. 18 దగ్గర 3.5తో కాస్త ఉదారంగా మొదలయ్యే కిట్ లెన్సు, 55కు చేరేసరికి 5.6తో సరిపెట్టుకోమంటుంది. కొన్న నాటి సాయంత్రమే బాబాయి దాన్ని తాత్కాలిక ఏర్పాటుగా ప్రకటించాడు. ఆ తరువాత ఇంట్లో ఫ్రిజ్ మారింది, స్కూటరు మారింది, పెద్దబ్బాయి చదువు ముగించుకుని ఉద్యోగంలో చేరాడు. తాత్కాలిక ఏర్పాటు మాత్రం చెక్కుచెదరలేదు.

ఎప్పుడూ కెమెరాకే ఉండి, మార్చే పని లేకుండా, అన్ని అవసరాలూ తీర్చగల జూమ్ ఒక్కటి కొనాలన్నది ఆయన సంకల్పం. సంకల్పం న్యాయమైనదే గాని, అన్ని అవసరాలూ అన్నచోట చిక్కు వచ్చి పడింది. బొర్రా గుహల చీకటికి ఎఫ్/2.8 కావాలి. ఇరుకు వీధిలో నిలబడి గాలిగోపురాన్ని గడప నుంచి కలశాల దాకా పట్టించాలంటే 16 మి.మీ. కావాలి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో చెట్ల మీద వాలే గూడబాతులను చట్రం నిండా చూపాలంటే 300 మి.మీ. దాటాలి. ఇక పెళ్లికి ఇవన్నీ ఒక్క గంటలో కావాలి. గుహలకు ఆయన ఒకసారి వెళ్లి వచ్చాడు గాని, తేలినీలాపురం ముఖం ఇంతవరకు చూడలేదు. అంత దూరం నుంచి ఎగిరివచ్చిన పక్షులను 55 మి.మీ. లెన్సుతో పలకరించడం మర్యాద కాదని ఆయన అభిప్రాయం.

రంగంలో అభ్యర్థులు ఐదుగురు. సిగ్మా సంస్థ 2010లో తెచ్చిన 17-50, జూమ్ చేసినంత మేరా ఎఫ్/2.8ను నిలుపుకుంటుంది, చేతి వణుకును సర్దే స్థిరీకరణ కూడా దానికి ఉంది. అయితే ఉన్న 55ను వదులుకుని 50 కోసం డబ్బు పోయడం పద్దులు చూసే మనిషికి మింగుడుపడదు. అదే సంస్థ 2013లో తెచ్చిన 18-35, ఎస్ఎల్ఆర్ కెమెరాల జూముల్లో ఎఫ్/1.8ను మొదటి నుంచి చివరి దాకా నిలిపిన మొట్టమొదటిది. అయితే ముప్పావు కిలో దాటిన ఆ బరువుకు రెండు రెట్ల జూమైనా గిట్టదు, స్థిరీకరణా లేదు. నికాన్ వారి 16-80, ఎఫ్/2.8-4, 2015లో వచ్చింది. దానిలో విశాలతకూ వెలుతురుకూ పొత్తు చక్కగా కుదిరింది గాని, ధరకూ బాబాయికీ కుదరలేదు. అదే సంస్థ 2013 నాటి 18-140 తేలికైనది, దాదాపు ఎనిమిది రెట్ల జూమ్ గలది, చేతికందే ధరలో దొరికేది. అయితే దాని చివరి అంకె 5.6 అనగానే ఆయనకు గుహలు గుర్తుకొస్తాయి. టామ్రాన్ 2017లో విడుదల చేసిన 18-400తో గూడబాతులు దొరుకుతాయి గాని, ఆ దూరాన రంధ్రం ఎఫ్/6.3కు చిక్కిపోతుంది, పైగా ఇంత పరిధిని ఒకే గొట్టంలో ఇమిడిస్తే ఎక్కడో ఒకచోట పదును వదులుకోక తప్పదు. ఏ లెన్సును కాదనడానికైనా ఆయన చూపే కారణం అక్షరాలా నిజం, కాబట్టి వాదించబోయిన వారెవరూ ఇంతవరకు గెలవలేదు.

ఈ పరిశీలనకు ఒక కర్మకాండ ఉంది. కంప్యూటరులో ఒక పెద్ద పట్టిక ఉంటుంది. దానిలో బరువు, ధర, ఫిల్టరు కొలత, అతి దగ్గరి ఫోకస్ దూరం, వాన చుక్కలను ఆపే రబ్బరు వలయం ఉన్నదీ లేనిదీ ఒక్కొక్క నిలువు వరుసలో నమోదవుతాయి. పక్కనే ఎంటీఎఫ్ పటాలు ఉంటాయి. లెన్సు మధ్య నుంచి అంచుకు పోయేకొద్దీ సన్నని గీతలను ఎంత స్పష్టంగా విడదీసి చూపగలదో తెలిపే ఈ రేఖాచిత్రాలను ఆయన జాతకచక్రాల్లా ముందు పెట్టుకుని, అంచు దగ్గర గీత కిందికి వాలితే పెదవి విరుస్తాడు. ఎవరి దగ్గరనైనా అరువు లెన్సు దొరికితే డాబా ఎక్కి, పక్కింటివారి సున్నం పూయని ఇటుక గోడను ఎఫ్ అంకెలన్నిటి దగ్గరా ఫొటోలు తీసి, నాలుగు మూలలూ సమానమైన పదునుతో వచ్చాయో లేదో పెద్దవి చేసి చూస్తాడు. మూలల్లో ఒకటి మసకబారితే లోపలి గాజు కాస్త పక్కకు జరిగి ఉండవచ్చు కనుక పరీక్ష శాస్త్రీయమైనదే. సరిహద్దు తగాదాకు సాక్ష్యం సేకరిస్తున్నాడని భయపడిన పక్కింటాయన మాత్రం, ఎవరూ అడగకుండానే తన ఇంటి దస్తావేజు నకలు తెచ్చి చూపించాడు.

హైదరాబాదులో ఏ శుభకార్యం జరిగినా బాబాయి కోఠి మీదుగానే వెళ్తాడు. కెమెరా దుకాణంలో వాడిన లెన్సు చేతికిస్తే, వెనక నుంచి టార్చి వేసి గాజు మీద బూజు తీగలున్నాయేమో వెతుకుతాడు, తల కిందులుగా పట్టుకుని జూమ్ గొట్టం దానంతట అదే జారుతోందేమో చూస్తాడు, వలయం తిప్పి చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. దుకాణదారు ఇప్పించిన టీ తాగి, చివరికి లెన్సు తుడిచే గుడ్డ ఒకటి కొని బయటపడతాడు; ఆయన బీరువాలో అటువంటి గుడ్డలకు లోటు లేదు. బూజు భయానికి ఆధారం ఉంది. గాలిలో తేమ నిత్యం ఎక్కువగా ఉండే సముద్రతీర నగరంలో, సంచిలో మూసి పెట్టిన లెన్సుకు బూజు పట్టడం సులభం. అందుచేత పిన్ని వడియాల కోసం కొన్న గాలి చొరని డబ్బా ఆయన వశమైంది. కొత్త చెప్పుల పెట్టెల నుంచి పోగుచేసిన సిలికా జెల్ పొట్లాల నడుమ ఆ తాత్కాలిక 18-55 అందులో భద్రంగా ఉంటుంది. వడియాలు మెత్తబడుతూ ఉంటాయి.

విచారణలో ఎక్కడైనా స్వల్ప కాఠిన్యం ధ్వనిస్తే అందుకు ఆయన అన్నగారి అమ్మాయి పెళ్లి కారణం. ఆ పెళ్లికి ఆయన రెండు అరువు లెన్సులతో హాజరై, వాటిని పోల్చి తేల్చుకోవడానికి కల్యాణ మండపానికి మించిన ప్రయోగశాల లేదని నిశ్చయించాడు. అడ్డుతెర పట్టుకున్న వారి వేళ్లు ఆయన ఫొటోలో అతి స్పష్టంగా ఉన్నాయి. తెర తీశాక అక్షింతల వానలో నవ్వుతున్న వధూవరులూ ఉన్నారు. జీలకర్ర బెల్లం పెట్టిన ఘడియలో మాత్రం ఆయన ఒక లెన్సు ఊడదీసి, రెండోదాని వెనక మూత విప్పుతున్నాడు. ఆల్బంలో ఆ చోటు ఖాళీగా ఉండటం గురించి అమ్మాయి తరఫువారు అడిగినప్పుడు ఆయన ఏమాత్రం తడబడలేదు. మార్చే పని లేని జూమ్ ఒక్కటి ఉండి ఉంటే ఈ అనర్థం జరిగేది కాదనీ, తాను ఇన్నాళ్లుగా చెబుతున్నది ఇదేననీ, ఇప్పటికైనా అందరికీ బోధపడిందనుకుంటున్నాననీ అన్నాడు.

సాధారణంగా ఏ డిజిటల్ ఫొటో అయినా అది తీసినప్పటి ఫోకల్ లెంగ్త్‌ను తనలోనే రాసి ఉంచుకుంటుంది. ఒక సెలవు రోజున పెద్దబ్బాయి తండ్రి ఫొటోలన్నిటినీ ఆ లెక్కన విడదీసి చూస్తే, అత్యధికం 18 దగ్గరో 55 దగ్గరో తీసినవని తేలింది. జూమ్ వాడే వారిలో ఎక్కువమంది వలయాన్ని ఈ కొస దాకానో ఆ కొస దాకానో తిప్పి ఆపుతారు కనుక ఇందులో వింత లేదు. బాబాయి మాత్రం దీన్ని గొప్ప రుజువుగా స్వీకరించి, 18 దగ్గర ఆగిన ఫొటోలు 16ను కోరుకుంటున్నాయనీ, 55 దగ్గర ఆగినవి 140ని కోరుకుంటున్నాయనీ తేల్చి, ఈ రెండూ కలిసిన 16-140, అదీ ఎఫ్/2.8తో, ఎవరూ తయారు చేయకపోవడం పరిశ్రమ లోపమని తీర్పునిచ్చాడు.

ఇంతటితో ఆయన నిరుపయోగి అనుకుంటే పొరపాటు. చుట్టాల్లో ఎవరు కెమెరా కొనదలచినా మొదటి ఫోను ఆయనకే వెళ్తుంది, జవాబు ఐదు నిమిషాల్లో వస్తుంది. ఆయన అడిగేవి మూడే ప్రశ్నలు: తీసేది ఇంట్లోనా బయటా, కదిలే పిల్లలనా కదలని కొండలనా, మెడకు ఎంత బరువు ఓపిక. ఇంట్లో పిల్లలైతే ఎఫ్/2.8 తీసుకోమంటాడు, ఎందుకంటే స్థిరీకరణ తీసేవారి చేతి వణుకును మాత్రమే సర్దగలదు గాని పరుగెత్తే పిల్లవాడిని ఆపలేదు, ఆ పని షట్టరు వేగంతోనే సాధ్యం, ఆ వేగానికి వెలుతురు కావాలి. పగటిపూట తీర్థయాత్రలైతే 18-140 చాలంటాడు. ఇంకా ఏమీ తెలియనివారైతే ఏడాది పాటు కిట్ లెన్సుతోనే తీసి, ఎక్కడ ఇబ్బంది పడ్డారో చూసుకుని అప్పుడు రమ్మంటాడు. ఆయన మాట విని కొన్నవారెవరూ ఇంతవరకు చింతించలేదు. వారి ఇళ్లలోని మంచి ఫొటోల వెనక ఆయన ఉన్నాడు.

కాబట్టి లోపించినది జ్ఞానం కాదని స్పష్టం. ఆ మూడు ప్రశ్నలూ తనకు తాను వేసుకుంటే జవాబు వచ్చేస్తుంది, జవాబు వస్తే అన్వేషణ ముగుస్తుంది, ముగిశాక మిగిలేది ఫొటోలు తీసే పని ఒక్కటే. కొననంత కాలం గుహల చీకటీ, గోపురం కలశాలూ, గూడబాతుల రెక్కలూ ఆయన ఊహలో లోపం లేకుండా కుదురుతూ ఉంటాయి. ఆయన మీద విసుక్కునే బంధువులు కూడా, కొత్త లెన్సు ఏదైనా విడుదలైన రాత్రి ఆయన ముఖంలోని కళ చూస్తే విసుగు మరచిపోతారు. 18-140కి ఫిల్టరు కొలత 67 మి.మీ. అనీ, 16-80కి 72 అనీ కాగితం చూడకుండా చెప్పగలగడం ఈ విచారణకర్తకు ఎలా అబ్బిందన్న ప్రశ్న సమంజసమైనదే గాని, అది ప్రస్తుత పరిధిలోకి రాదు.

బాబాయి లెన్సు కొనకపోవడంలోని రహస్యం అందరికంటే ముందు కనిపెట్టినది పిన్ని. ఒక రాత్రి ఆమె కంచాలు తీస్తూ, "ఏవండీ, మా స్కూల్లో లెక్కల మాస్టారొకాయన లెన్సు కొంటాడట, మిమ్మల్ని అడగమన్నాడు" అంది. బాబాయి మూడు ప్రశ్నలూ వేశాడు. ఎక్కువగా ఇంట్లోనేననీ, పండగలకూ పేరంటాలకూ ట్యూబులైటు వెలుగులో తీస్తాడనీ, మనుషులే గాని పక్షులూ కొండలూ ఏమీ లేవనీ, ఒక్క లెన్సయితే మోస్తాడు గాని రెండోది మోయలేడనీ ఆమె చెప్పింది. "ఇందులో ఆలోచించేదేముంది? సిగ్మా 17-50. రేపే కొనేసుకోమను, ఇలాంటివి నాన్చకూడదు" అన్నాడు బాబాయి. "ఆ మాస్టారు మీరేనండీ" అంది పిన్ని. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, లేచి వెళ్లి పట్టిక తెరిచి, 'శ్రీమతి అభిప్రాయం' అన్న శీర్షికతో కొత్త నిలువు వరుస ఒకటి చేర్చి, 17-50కి ఎదురుగా ఒక టిక్కు పెట్టాడు. మిగిలిన నాలుగు లెన్సులకూ ఆ గడులు ఖాళీగా ఉన్నందున, వాటి విషయంలో కూడా ఆమె ఆలోచన తెలిస్తే గాని ఏదీ నిర్ధారించలేమని వంటింటి వైపు తిరిగి చెప్పాడు.