డ్రైవర్లు దొరకడం లేదట!

లారీ యజమానుల సభ ఏ ఊళ్ళో జరిగినా, మైకు అందుకున్న మూడో వక్త ఈ మాట అని తీరుతాడు: "బళ్ళున్నాయి, లోడుంది, డ్రైవర్లే లేరండీ. ఈ కాలం కుర్రాళ్ళకి ఒళ్ళొంగదు." చప్పట్లు. ఆపైన బిర్యానీ.

ఇంత కరువున్న ఉద్యోగం కదా, చేరేవాణ్ణి పిలిచి పీట వేస్తారనుకుంటాం. హెవీ లైసెన్సు చేతికొచ్చి, ఇక నేషనల్ హైవే నాదే అనుకుంటున్న అబ్బాయీ, ఆ పీట ఎలాంటిదో కూర్చోకముందే ఒకసారి చూసుకో.

చదువు అడ్డం కాదులే. ఎనిమిదో తరగతి పాసవ్వాలన్న నిబంధనను 2019లో కేంద్రమే తీసేసింది. పని ఎవరు నేర్పుతారని మాత్రం అడక్కు. పూర్వం ఆ బడి పేరు క్లీనరు సీటు. అద్దాలు తుడుస్తూ, టైర్లు తట్టి గాలి చూస్తూ, పరదా కప్పి తాళ్ళు బిగిస్తూ, రివర్సు తీసేటప్పుడు వెనక నిలబడి "రానీ, రానీ" అని అరుస్తూ కుర్రాడు ఏళ్ళ తరబడి బండితో తిరిగేవాడు. గురువుగారు దయతలిస్తే తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద స్టీరింగు. ఆ క్లీనరు జీతం, బత్తా దండగని లెక్కగట్టి చాలామంది యజమానులు ఆ సీటే ఎత్తేశారు. ఇప్పుడు డ్రైవర్లేరీ అని వెతుక్కుంటున్నారు. విత్తనపు వడ్లు దంచుకు తిని, నారు మొలవలేదని వానని తిట్టినట్టుంది. క్లీనరు పోయాడు గానీ క్లీనరు పని ఎక్కడికీ పోలేదు. అది కూడా నీదే.

పనిగంటల గురించి దిగులెందుకు, పెద్దలు ఎప్పుడో ఆలోచించారు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 అంది. దూరాభారమైతే అనుమతి మీద 10, 54 దాకా పోవచ్చంది. ఐదు గంటలు నడిపాక అరగంట విశ్రాంతి కూడా రాసింది. ఎంత ముచ్చటగా ఉందో! కాకపోతే ఐదుగురు, ఆపైన కార్మికులున్న సంస్థలకే అది వర్తించేలా రాశారు. మన దేశంలో ఎక్కువ లారీలు ఒకటో రెండో బళ్ళున్న ఆసాములవి. చట్టం వాళ్ళ గుమ్మం దాకా వచ్చి, తలలు లెక్కపెట్టుకుని వెనక్కి వెళ్ళిపోయింది.

మనిషికి లేని మర్యాద కాగితానికుంది. మామూలు సరుకుకి ఈ-వే బిల్లు గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు. విజయవాడ నుంచి కోల్‌కతా 1,200 పైచిలుకు గనక బిల్లు వారం రోజులు నిక్షేపంలా బతుకుతుంది. నీకు మాత్రం విశాఖ దాటకముందే ఫోను: "ఇంకా అక్కడే ఉన్నావా?" యజమాని జీపీఎస్‌లో చూస్తూనే అడుగుతాడు. ఇక ఆకివీడు, కైకలూరు వైపు చేపల లోడెక్కావా, నీ అసలు యజమాని ఐసు. అది కరగకముందే హౌరా చేరాలి.

ఇంత పరుగు పెట్టి చేరాక ఏం చేస్తావు? ఆగుతావు. గోడౌను గేటు ముందు, పోర్టు ముందు, సిమెంటు ఫ్యాక్టరీ కాంటా దగ్గర. ధాన్యం కొనుగోళ్ళ రోజుల్లో తెలంగాణ మిల్లుల ముందు లారీలు బారులు తీరడం పేపర్లో చూసేదే. వరసలో ముందు బండి కదిలినప్పుడల్లా లేచి జరపాలి గనక అది నిద్ర కాదు. ట్రిప్పు లెక్కన కూలి గనక డ్యూటీ అంతకన్నా కాదు. ఆగిన రోజులకి హాల్టింగు డబ్బు సరుకు పార్టీ ఇచ్చినా ఆఫీసు దాకా వెళ్ళి అక్కడ దారి తప్పుతుంది. నన్నడిగితే ఈ వృత్తికి పట్టిన అసలు రోగం ఇదే. చక్రం తిరిగితేనే కూలి, ఆ చక్రాన్ని ఆపేది ఇంకెవరో. పోయిన ఆ కాలాన్ని డ్రైవరు తన రాత్రి నిద్రలోంచి తీసి పూడుస్తాడు. మర్నాడు పేపర్లో "నిద్రమత్తులో లారీ డ్రైవర్" అని వస్తుంది. గేటు దగ్గర రెండ్రోజులు నిలబెట్టిన పెద్దమనిషి పేరు రాదు.

2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీల క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి చేశారు. మంచి పని, వెక్కిరించను. కానీ లీటరుకిన్ని కిలోమీటర్లని యజమాని ఒక గీత గీసి ఉంచుతాడు. ఘాటెక్కినా, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా, ఏసీ వేసినా ఆ గీత కదలదు. తగ్గిందా, నీ డబ్బులో కోత. మే నెలలో రెంటచింతల మీదుగా పోతూ ఏసీ స్విచ్చి వంక చూసి, తువ్వాలు తడుపుకుంటావు.

ప్రమాదం జరిగిందా, ఆగితే జనం తంతారు. ప్రాణం పోయిన కేసులో చెప్పకుండా పారిపోతే భారతీయ న్యాయ సంహిత 106(2) కింద పదేళ్ళ దాకా జైలన్నారు. 2024 జనవరి మొదట్లో డ్రైవర్లు బళ్ళాపేస్తే హైదరాబాద్ మొత్తం బంకుల ముందు క్యూ కట్టింది. ఆ సెక్షన్ని అమల్లోకి తేకుండా ఆపారు. క్యూలో ఉన్నవాళ్ళు తిట్టింది మాత్రం డ్రైవర్లనే.

2020లో సేవ్ లైఫ్ ఫౌండేషన్ సర్వే చేస్తే 84 శాతం డ్రైవర్లు తమవాళ్ళని ఈ పనిలోకి రమ్మని చెప్పబోమన్నారు. అంటే కుర్రాళ్ళకి ఒళ్ళొంగక కాదు, నాన్నలే వద్దంటున్నారు.

అయినా వెళ్తానంటావా, వెళ్ళు. యజమానిని మాత్రం ముందే అడుగు: ఆగిన రోజుకి ఎంతిస్తారు? మైలేజీ లోడు బండితో కట్టారా, ఖాళీ బండితోనా? ఏసీ డీజిలు ఎవరి లెక్క? పక్కన మనిషిని పంపుతారా? ఆయన నీ భుజం తట్టి, హాయిగా నవ్వి, "అవన్నీ తిరిగొచ్చాక మాట్లాడుకుందాం గానీ, ముందెళ్ళి ఆ పరదా కట్టు" అంటాడు.