నల్ల తణ్ణి, తెల్ల నురగ

కిందటి జనవరిలో భోగికి అటక దులుపుతుంటే, కోవిల్‌పట్టిలో ఒక తెలుగువారింట పాత హార్లిక్స్ సీసా బయటపడింది. అందులో ఒక పటిక ముక్క, మూడు ముక్కలుగా విడిపోయే ఇత్తడి రేజరు, కుచ్చు సగం రాలిపోయిన షేవింగ్ బ్రష్షు ఉన్నాయి. ఇంటాయనకు యాభై దాటాయి. అగ్గిపెట్టెల కంపెనీలో లెక్కలు రాస్తాడు. ఆ బ్రష్షు చూసి కళ్లు తుడుచుకున్నాడు. అది వాళ్ల నాయనది. కళ్లు తుడుచుకుని అక్కడితో ఊరుకుంటే బాగుండేది. "రేపట్నుంచి నేనూ నాయన మాదిరే నురగ పెట్టి గీసుకుంటా" అన్నాడు.

"భోగిమంటలో వేసేవాటిని ఇంట్లోకి తెస్తే ఇంతే" అంది ఆయన భార్య.

ఆ ఇంట్లో మాట్లాడేది తెలుగు, రాసేది తమిళం. కోవిల్‌పట్టి చుట్టూ ఉన్న కరిసల్ సీమలో, అంటే నల్లరేగడి నేలల్లో, ఇలాంటి ఇళ్లు తరతరాలుగా ఉన్నాయి. ఊరికి దగ్గర్లోని ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంటి భాష కూడా తెలుగే. తెలుగువాళ్లు ఈ నేలకు వలస వచ్చిన కథను ఆయన 1976లో 'గోపల్ల గ్రామం' నవలగా రాసింది మాత్రం తమిళంలో. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. మన కథానాయకుడికి నవల రాసే ఉద్దేశం లేదు గాని, నురగ డైరీ ఒకటి మొదలుపెట్టాడు, తెలుగు మాటల్ని తమిళ అక్షరాల్లో. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం, ట, డ లకు ఒకటే అక్షరం. అందుచేత ఆ డైరీ పొడుగునా 'గడ్డం' కాస్తా 'కట్టం' అయి కూర్చుంది.

మొదటి నెల డైరీలో అన్నీ పరాభవాలే. బ్రష్షు రెండు నిమిషాలు నానబెట్టాలి, నీళ్లు విదిలించాలి, సబ్బు మీద అర నిమిషం తిప్పాలి, గిన్నెలోకి మార్చి చుక్కచుక్కగా నీళ్లు కలుపుతూ గిలకొట్టాలి. అన్నీ పద్ధతి ప్రకారం చేశాడు. గిన్నెలో తేలింది మాత్రం కలిగడుగులాంటి నీళ్లు, వాటి మధ్య దిక్కులేని నాలుగు బుడగలు. బుగ్గకు పూస్తే నిమిషంలో ఎండి, సున్నం పెచ్చులూడిన గోడలా తయారైంది. ఆ గోడ మీద రేజరు నడిచిన చోటల్లా ఎర్ర గీతలు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు ముందు నాయన బ్రష్షును అనుమానించి, పంది వెంట్రుకల కొత్త బ్రష్షు కొన్నాడు. తర్వాత సబ్బును అనుమానించి ఇంకో సబ్బు, దాని మీద ఒక క్రీము, క్రీముకు తోడు ఒక పింగాణీ గిన్నె. క్షవరమైతే గాని వివరం తెలియదంటారు. ఈయనకు వివరం తెలియకముందే జేబుకు క్షవరం పూర్తయింది. అయినా అధైర్యపడలేదు. వాడి పారేసే బ్లేడ్ల సేఫ్టీ రేజరు తెచ్చిన జిల్లెట్ కంపెనీ 1903లో అమ్మింది 51 రేజర్లు, 168 బ్లేడ్లేనని ఎక్కడో చదివి, ఆ ముక్కను డైరీ మొదటి పేజీలో రాసుకున్నాడు.

సబ్బు మార్చడంలో కొంత తెలివి లేకపోలేదు. ఒంటి సబ్బులో ఉండేది ముఖ్యంగా సోడియం లవణాలు. గడ్డం సబ్బులో స్టియరిక్ ఆమ్లం పాలు ఎక్కువ, దాన్ని పొటాషియం క్షారంతో కూడా కలుపుతారు. అందుకే దాని నురగ చిక్కగా, వెన్నలా ఉండి, త్వరగా ఆరిపోదు. నురగ పని సింగారం కాదు. వెంట్రుకను తడిగా పట్టి ఉంచి మెత్తబరచడం, బ్లేడుకూ చర్మానికీ మధ్య జారుడు కల్పించడం. పైగా ఆ ప్రాంతంలో మీసం ఉన్న మగవాడు నురగను ఎల్లలు దాటనివ్వడు. ఇంటి భాష తెలుగైన కట్టబొమ్మన్‌ను 1799 అక్టోబరు 16న ఉరితీసిన కయత్తారు ఒకవైపు, 1882లో సుబ్రహ్మణ్య భారతి పుట్టిన ఎట్టయాపురం ఇంకోవైపు. ఆ రెండు మీసాల మధ్య ఉన్న ఊళ్లో పొరపాటున మీసం చివర గీసుకుపోతే వీధిలోకి ఎలా వెళ్లడం?

లోపం మణికట్టులో ఉందేమోనని తర్వాతి అనుమానం. విరుదునగర్‌లో వాళ్లక్క ఉంటుంది. అక్కడికి వెళ్లినప్పుడు నూనె పరోటా తినడానికని బయల్దేరి, తినడం మానేసి పరోటా మాస్టర్ చేతినే చూస్తూ నిలబడ్డాడు. పిండి గాల్లో తిరిగి బల్ల మీద పడే లోపల మణికట్టు రెండు సార్లు మలుపు తిరుగుతోంది. ఇంటికొచ్చి బ్రష్షుతో అదే మలుపు తిప్పితే కలిగడుగు కాస్తా అద్దం మీదికి ఎగిరింది.

సొంత ఊళ్లోనూ గురువులున్నారు. కోవిల్‌పట్టి కడలై మిఠాయికి, మన మాటల్లో పల్లీపట్టీకి, 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బెల్లం పాకం ఒక్క క్షణం ముందు దింపితే సాగుతుంది, ఒక్క క్షణం ఆలస్యమైతే మాడుతుంది. నురగకూ పాకాలుంటాయని ఆయన సిద్ధాంతం చేశాడు: మజ్జిగ పాకం, పెరుగు పాకం, వెన్న పాకం. పెరుగు దాటి వెన్న దగ్గరికొచ్చి, బ్రష్షు ఎత్తితే కొన నిలబడి కొద్దిగా తల వంచాలి. సిద్ధాంతం సరైనదే. ఆయన గిన్నె మాత్రం మజ్జిగ దగ్గరే ఆగింది.

చివరికి సిగ్గు విడిచి సెలూన్‌కు వెళ్లాడు. అక్కడి కుర్రాడు నాలుగు తిప్పుళ్లలో గిన్నె నిండా మేఘం పుట్టించాడు. ఏ సబ్బని అడిగితే వాడు నవ్వి, తమిళంలో, "అన్నాచ్చీ, సబ్బులో ఏముంది? నాది క్యాను నీళ్లు" అన్నాడు.

ఇంటికొచ్చి ఈ మాట చెబితే ప్లస్ వన్ చదివే కూతురు రసాయన శాస్త్రం పుస్తకం తెచ్చింది. "నాయనా, మన బోరుది కఠిన జలం. సబ్బు నురగ రాదని పాఠంలోనే ఉంది."

మర్నాడు వంటింటి గట్టు మీద మూడు సీసాలు వరసగా నిలబడ్డాయి. ఒకదాంట్లో బోరు నీళ్లు, రెండోదాంట్లో మున్సిపాలిటీ కుళాయి నీళ్లు, మూడోదాంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ కోసం కొన్న డిస్టిల్డ్ వాటర్. సబ్బు తురిమి కరిగించి, మూడింట్లో తలా పది చుక్కలు వేసి, మూతలు బిగించి కూతురు కుదిపింది. డిస్టిల్డ్ వాటర్ సీసాలో నురగ మూత దాకా పొంగింది. కుళాయి నీళ్లలో మూడు వేళ్ల మందాన నిలిచింది. బోరు నీళ్లు విరిగిన పాలలా మారాయి. పైన తెల్లటి తెట్టు, కింద మడ్డి, బుడగ మాటే లేదు. ఇంకో పది చుక్కలు, మరో పది, మళ్లీ పది. నలభయ్యో చుక్క దగ్గర మొదటి నురగ మొహం చూపించింది.

నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును పట్టుకుని కరగని తెట్టుగా మార్చేస్తాయి. విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టికి కారులో వస్తుంటే దారిలో టోల్‌గేట్ తగులుతుంది కదా, అక్కడ కట్టాల్సింది కట్టాకే బండి కదిలేది. కఠిన జలంలో సబ్బుదీ అదే గతి. ముందు సుంకం, మిగిలితే నురగ. స్కాట్లండ్ శాస్త్రవేత్త థామస్ క్లార్క్ 1840ల్లో దీన్నే కొలతగా మార్చాడు. నీళ్లలో సబ్బు ద్రావణం కొంచెం కొంచెంగా పోసి కుదుపుతూ, నురగ అయిదు నిమిషాలు నిలవడానికి ఎంత ద్రావణం పట్టిందో లెక్కగట్టి కాఠిన్యం తేల్చేవాడు. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే నీళ్లు దొరక్కపోతే 600 దాకా సరిపెట్టుకోవచ్చు. మన కథానాయకుడు పది నెలలుగా రోజూ పొద్దున్నే చేసింది క్లార్క్ పరీక్షే. కాకపోతే సీసాకు బదులు మొహం వాడాడు.

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. చిన్నప్పుడు నాయన రోజూ తాగేనీళ్ల బిందెలోంచి చెంబెడు ముంచుకుని పెరట్లోకి పోయేవాడు. వెనకనుంచి అమ్మ సణిగేది. తాగడానికే కదా, అమ్మకెందుకింత కోపమనుకునేవాడు తను.

ఇక ఇంట్లో నీళ్ల తగువు మొదలైంది. ఆ ఊళ్లో నీళ్లు రెండు రకాలు. బోరులో వచ్చేది ఉప్పు తణ్ణి, తామ్రపర్ణి నుంచి పైపుల్లో వచ్చేది నల్ల తణ్ణి. తమిళంలో నల్ల అంటే మంచి. నల్ల తణ్ణి రోజూ రాదు. వచ్చిన రోజు వీధంతా బిందెల చప్పుడే. ఒకసారి హైదరాబాదు నుంచి బావమరిది వచ్చి ఉండగా, పక్కింటావిడ గోడ మీంచి "నల్ల తణ్ణి వందాచ్చు!" అని కేకేసింది. బావమరిది కాఫీ గ్లాసు దించి, "నల్లా తన్నితే వస్తాయా అక్కా నీళ్లు? మా దగ్గర తిప్పితే చాలు" అన్నాడు.

"నల్ల తణ్ణి తాగడానికి, పప్పుకు" అని భార్య శాసనం. బోరు నీళ్లలో కందిపప్పు ఉడకదు. పప్పులోని పెక్టిన్‌ను కాల్షియం గట్టిపరుస్తుంది గనక ఎన్ని విజిళ్లు వచ్చినా బద్ద బద్దగానే ఉంటుంది. ఆవిడ ఈ సంగతి కాపురానికొచ్చిన కొత్తలోనే చెప్పింది. ఆయన వినకుండా పప్పులు అమ్మిన కొట్టును తిట్టాడు. ఇప్పుడు బోరు నీళ్లు మరిగించి చూశాడు. గిన్నె అడుగున తెల్ల పెంకు కట్టింది గాని కాఠిన్యం పూర్తిగా పోలేదు. కాచితే బైకార్బనేట్లు విరుగుతాయి, సల్ఫేట్లు, క్లోరైడ్లు కదలవు. బ్యాటరీ నీళ్లతో నాలుగు రోజులు దివ్యంగా గడిచింది. అయిదో రోజు ఇన్వర్టర్ కూసింది.

కార్తీకంలో విరుదునగర్ అక్క ఇంటికి వెళ్లిన రాత్రి జోరుగా వాన. తమిళనాడులో 2003 నుంచి ప్రతి ఇంటికీ వాననీటి సేకరణ తప్పనిసరి. అక్క ఇంటి డాబా గొట్టం కింద డ్రమ్ము తెల్లారేసరికి నిండి ఉంది. చెంబు ముంచి, బ్రష్షు తడిపి, పది తిప్పుళ్లు తిప్పాడు. నురగ గిన్నె అంచు దాటి చేతి మీదికొచ్చింది. బ్రష్షు ఎత్తితే కొన నిలబడి, మర్యాదగా తల వంచింది. "అక్కా!" అని అరిచాడు. కాలు జారి పడ్డాడేమోనని ఇల్లంతా పరుగెత్తుకొచ్చింది. ఆ ఒక్క గిన్నె నురగతో ఆయనా, బావా, కొత్తగా గడ్డమొస్తున్న మేనల్లుడూ ముగ్గురూ గీసుకున్నారు.

తిరుగు రైల్లో ఒళ్లో రెండు పెద్ద సీసాల వాననీళ్లు. ఇంటికొచ్చి వాటి మీద చీటీలు అంటించి, బీరువా పక్కన దాచి, పనికెళ్లిపోయాడు. వారం రోజులుగా నల్ల తణ్ణి రాలేదన్న సంగతి ఆయన చెవిన పడలేదు.

రాత్రి పప్పు వెన్నలా ఉంది. రెండో ముద్ద దాకా ఆనందంగా తిన్నాడు. మూడో ముద్ద దగ్గర బీరువా వైపు చూశాడు. సీసాలు రెండూ ఖాళీ.

"చీటీ చూడలేదా? గడ్డానికి అని రాసి పెట్టానే!"

"చూశాను. కట్టానికి అని ఉంది" అంది ఆవిడ, నెయ్యి వడ్డిస్తూ. "కష్టానికేమో అనుకున్నా."