ఆలూ లేదు, చూలూ లేదు, వాల్యుయేషన్ వంద కోట్లు

వెనకటికి వ్యాపారం పెట్టాలంటే సరుకు కావాలి, కొట్టు కావాలి, అప్పిచ్చేవాడు కావాలి. అప్పిచ్చేవాడు ఊరికే ఇచ్చేవాడు కాదు. సరుకు తూకం చూసేవాడు, కొట్టు ఏ సెంటర్లో ఉందో చూసేవాడు, అనుమానమొస్తే మామగారి పొలం పాసుపుస్తకం తెమ్మనేవాడు. ఇప్పుడా బాధలన్నీ తీరిపోయాయి. కథ ఒకటుంటే చాలు. ఇన్వెస్టర్లకు వినిపించే, పిచ్ డెక్ అనే పది స్లైడ్ల కథ. పది స్లైడ్లు, ఇరవై నిమిషాలు, అక్షరాలు 30 పాయింట్లకు తగ్గకూడదని సిలికాన్ వ్యాలీ పెద్దమనిషి గై కవాసాకీ ఏనాడో కొలత కట్టి పెట్టాడు. అక్షరం అంత పెద్దదైతే స్లైడ్‌లో నిజాలు ఎక్కువ పట్టవు. బహుశా అదీ ఒక సౌకర్యమే.

ఇంత వెసులుబాటు ఉండి కూడా మన కుర్రాళ్లు మాదాపూర్ కాఫీ షాపుల్లో ఖరీదైన కాఫీ చల్లారబెట్టుకుంటూ, కథ కుదరక తల పట్టుకు కూర్చుంటున్నారు. చూడలేక వాళ్ల కోసం ఒక నమూనా కథ అల్లాను. సరుకు ఆవకాయ. నచ్చనివాళ్లు ఆవకాయ తీసేసి పాలు, చదువు, రక్తపరీక్ష, ఏదైనా పెట్టుకోవచ్చు. సరుకు మారినా కథ మారదు.

మొదటి స్లైడ్‌లో అమ్మమ్మ ఉండాలి. "కేజీకి నూట యాభై మిగులుతుంది, అందుకే పచ్చళ్ల వ్యాపారం" అన్నారో, పని అక్కడితో ఆఖరు. మిగులు మాట ఎత్తితే లెక్క అడుగుతారు. అమ్మమ్మ మాట ఎత్తితే ఎవరూ ఏమీ అడగరు. అందుకని ఇలా మొదలెట్టండి: డాలస్‌లో చలికాలపు రాత్రి, వేడన్నం, జాడీ అడుగున ఆఖరి ముక్క, ఎదురుగా అమ్మమ్మ ఫోటో. ఆ ముక్క నోట్లో పెట్టుకున్న క్షణాన కంపెనీ పుట్టింది. మీ అమ్మమ్మ జన్మలో జాడీ ముట్టకపోయినా, ఆ పచ్చడిని చర్లపల్లి పారిశ్రామికవాడలో నాలుగైదు బ్రాండ్లకు కలిపి ఒకే బేసిన్‌లో కలుపుతున్నా బెంగ లేదు. లేబుల్ మీద బొమ్మ మాత్రం ఆవిడదే ఉండాలి. ఆవిడ ఫోటోలో సరిగా పడకపోతే ఇంకెవరి అమ్మమ్మనైనా అద్దెకు తెచ్చుకోవచ్చు.

ఇది తప్పేమో అని సంకోచించకండి, పెద్దలు నడిచిన బాటే. పియర్ ఒమిడ్యార్ తనకు కాబోయే భార్య పెజ్ మిఠాయి డబ్బాలు మార్చుకోవడానికి వీలుగా ఈబే పెట్టాడని పత్రికలు ఏళ్ల తరబడి రాశాయి. అది 1997లో ఆ కంపెనీ ప్రచారం చూసే ఉద్యోగిని విలేకరుల కోసం అల్లిన ముచ్చట. నిజానికి ఆ సైట్లో తొలుత అమ్ముడుపోయింది పాడైపోయిన లేజర్ పాయింటర్, 14.83 డాలర్లకు. పాడైన పాయింటర్ గురించి ఎవరు కన్నీళ్లు పెట్టుకుంటారు? రీడ్ హేస్టింగ్స్ 'అపోలో 13' క్యాసెట్ ఆలస్యంగా తిరిగిచ్చి 40 డాలర్ల జరిమానా కట్టాడనీ, ఆ మంటతోనే నెట్‌ఫ్లిక్స్ పుట్టిందనీ ఇంకో కథ. చెప్పుకోవడానికి వీలుగా ఉందని చెప్పుకున్న కథే అది అని సహ వ్యవస్థాపకుడు మార్క్ రాండాల్ఫ్ తరువాత తేల్చేశాడు. ఆ రెండు చోట్లా కథ వెనక సరుకు ఉంది కాబట్టి కథ ముచ్చటగా మిగిలిపోయింది. మనవాళ్లు ఆ పాఠంలో ముచ్చట వరకే నేర్చుకుని బడి మానేశారు.

రెండో స్లైడ్ మార్కెట్. దేశ జనాభా 140 కోట్లు. అందరికీ నాలుక ఉంది. "మేం అత్యాశపరులం కాదు, ఒక్క శాతం చాలు" అని వినయంగా అనండి. ఒక్క శాతమంటే కోటీ నలభై లక్షల మంది. తలా నెలకో నాలుగు వందల రూపాయల సీసా. నెలకు 560 కోట్లు, ఏడాదికి 6,720 కోట్లు. కాలిక్యులేటర్ అబద్ధమాడదు. ఈ జనాభాలో చంటిపిల్లలు, బీపీ మాత్రలు మింగేవాళ్లు, ఆవకాయ పేరే వినని లూధియానా వాళ్లు, ఏటా ఇంట్లోనే పెట్టుకునే మీ మేనత్త కూడా ఉన్నారు కదా అని ఎవడైనా అడిగితే, వాడికి దార్శనికత లేదని అర్థం. రేపటి నుంచి వాడిని మీటింగుకు పిలవకండి.

మూడోది "ఇప్పుడే ఎందుకు" అనే స్లైడ్. ఆవకాయ తరతరాలుగా ఉందే, ఇవాళే ఏం కొంప మునిగిందని అడుగుతారు. దీనికి జవాబు సీజన్ని బట్టి మారుతుంది. 2021లో బ్లాక్‌చెయిన్ అనేవారు, ఇప్పుడు ఏఐ అంటే చాలు. ఆవపిండి ఘాటు ఏఐ కొలుస్తుంది, ఉప్పు ఏఐ నిర్ణయిస్తుంది. అసలు సంగతి ఏమిటంటే, చిటికెడు తీసి నాలిక్కి రాసుకుని "ఇంకాస్త ఉప్పు పడాల బాబూ" అనేది రోజుకూలికి వచ్చే ఒక తల్లి. స్లైడ్‌లో ఆవిడ పేరు డేటా.

ఇదీ అతిశయోక్తి కాదు. అమెరికాలో నేట్ అనే షాపింగ్ యాప్ వ్యవస్థాపకుడి మీద అక్కడి న్యాయశాఖ 2025 ఏప్రిల్‌లో కేసు పెట్టింది. కొనుగోలు మొత్తం ఏఐ తనంతట తానే పూర్తిచేస్తుందని చెప్పి 4 కోట్ల డాలర్లకు పైగా పెట్టుబడి తెచ్చారనీ, తీరా చూస్తే ఫిలిప్పీన్స్‌లో కూర్చున్న మనుషులు చేత్తో ఆర్డర్లు నింపుతున్నారనీ, యంత్రం వాటా దాదాపు సున్నా అనీ అభియోగం. మనిషి చేసే పనికి యంత్రం పేరు పెడితే మనిషికి కూలి దక్కుతుంది, యంత్రానికి వాల్యుయేషన్ దక్కుతుంది.

నాలుగో స్లైడ్‌లో పోటీదారులు. ఒక గడి గీసి నాలుగు ముక్కలు చేయండి. పాత కంపెనీలన్నిటినీ కింద ఎడమ మూలకు తోసేసి, మీ లోగో ఒక్కటే పైన కుడి మూలన మెరిసిపోయేలా పెట్టండి. ఏ కంపెనీ డెక్ చూసినా దాని లోగో ఆ మూలనే ఉంటుంది. ఇంతమంది ఒకే మూలన ఎలా పడుతున్నారో ఆ గడికే తెలియాలి. అసలు పోటీదారు మాత్రం ఈ గడిలో ఎక్కడా కనిపించదు. ఆవిడ పక్కింటి పిన్నిగారు. వేసవి రాగానే డబ్బు మాట ఎత్తకుండా గిన్నెడు పచ్చడి గోడ మీద నుంచి అందించేస్తుంది. అలాంటి మనిషిని స్లైడ్‌లో పెడితే వాల్యుయేషన్ ఏం కావాలి?

ఐదోది ఎదుగుదల. పోయిన నెల రెండు సీసాలు అమ్మారు, ఈ నెల ఎనిమిది. సీసాల సంఖ్య చెప్పకండి, "300 శాతం వృద్ధి" అనండి. ఆ ఎనిమిదిలో ఐదు మీ బావమరిదే కొన్నాడా? అతను రిపీట్ కస్టమర్. గ్రాఫ్ వేసేటప్పుడు నెలవారీ అమ్మకం వేయకండి, మొదటి రోజు నుంచి ఇప్పటి దాకా అమ్మిన మొత్తం వేయండి. ఆ గీత చచ్చినా కిందికి దిగదు. కొట్టు మూసేసినా దిగదు.

ఇక లాభం. అది లేకపోతే కొత్తది కనిపెట్టండి. వీవర్క్ అనే న్యూయార్క్ కంపెనీ భవనాలు అద్దెకు తీసుకుని బల్లలు అద్దెకిచ్చేది. 2018లో 'కమ్యూనిటీ అడ్జస్టెడ్ ఎబిటా' అనే లాభాన్ని అప్పు పత్రాల్లో చూపించింది. మార్కెటింగ్ ఖర్చు తీసెయ్, పరిపాలన ఖర్చు తీసెయ్, డిజైన్ ఖర్చు తీసెయ్, మిగిలింది లాభం. ఇంటద్దె, స్కూలు ఫీజు, కిరాణా ఖాతా ఈ పద్ధతిలో తీసేస్తే మన ఇళ్లన్నీ నెలాఖరున లాభాల్లోనే ఉంటాయి. 2019 జనవరిలో ఆ కంపెనీ విలువ 4,700 కోట్ల డాలర్లు. ఆ ఏడాదే ఐపీఓ కోసం, అంటే షేర్లు జనానికి అమ్మడం కోసం, దాఖలు చేసిన పత్రంలో తమ లక్ష్యం ప్రపంచ చైతన్యాన్ని ఉన్నతం చేయడమని రాసుకుంది. ఆ పత్రాన్ని జనం నిజంగానే చదివారు. అదే పెద్ద ప్రమాదమైంది. నెలన్నర తిరక్కముందే వ్యవస్థాపకుడు ఆడమ్ న్యూమన్ దిగిపోయాడు, ఐపీఓ ఆగిపోయింది, 2023 నవంబరులో కంపెనీ దివాలా తీసింది. న్యూమన్ సంగతి? 2022లోనే అతని కొత్త కంపెనీకి ఒక పేరున్న వెంచర్ సంస్థ సుమారు 35 కోట్ల డాలర్లు ఇచ్చింది. కంపెనీ మునిగినా కథకుడు మునగడు.

ఇదంతా వినేవాడు అమాయకుడు, చెప్పేవాడు మాయగాడు అనుకుంటే పొరపాటు. వినేవాడికి అన్నీ తెలుసు. అతను పెట్టే డబ్బు అతనిది కాదు. పింఛను నిధుల దగ్గరకో, విశ్వవిద్యాలయాల దగ్గరకో, డబ్బున్న కుటుంబాల దగ్గరకో తనూ స్లైడ్లు పట్టుకుని వెళ్లినవాడే. సొమ్మొకడిది, సోకొకడిది. వీవర్క్‌లో వేల కోట్లు పోసిన సాఫ్ట్‌బ్యాంక్ అధిపతి మసయోషి సన్ 2020 మేలో తన నష్టాలను వాటాదారులకు ఎలా వివరించాడో చూడండి. కరోనా గోతిలోకి టపటపా పడిపోతున్న యునికార్న్ గుర్రాల, అంటే స్టార్టప్‌ల, బొమ్మ, వాటిలో ఒకటి రెక్కలొచ్చి ఎగిరి గట్టెక్కుతున్న బొమ్మ. పిచ్ విన్నవాడూ చివరికి పిచ్ చెప్పుకోవలసిందే.

శామ్ బ్యాంక్‌మన్-ఫ్రీడ్ అయితే వీడియో కాల్‌లో తన క్రిప్టో ఎక్స్ఛేంజి ఎఫ్‌టీఎక్స్ కథ చెబుతూనే పక్కన కంప్యూటర్ గేమ్ ఆడుకున్నాడు. సెకోయా అనే వెంచర్ సంస్థ వాళ్లు అది చూసి చిన్నబుచ్చుకోలేదు, ముచ్చటపడి ఆ ముచ్చట తమ సైట్లోనే అచ్చేసుకున్నారు. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ కూలింది. 21 కోట్ల డాలర్లకు పైగా పెట్టుబడి సున్నా అని రాసుకుని, ఆ వ్యాసాన్ని మెల్లగా పీకేశారు. 2024 మార్చిలో మోసం కేసులో అతనికి 25 ఏళ్ల శిక్ష పడింది.

అసలు రహస్యం ఇది: మొదటి ఇన్వెస్టర్ కథ కొనేది నమ్మి కాదు, రెండోవాడికి అమ్మవచ్చని. రెండోవాడు మూడోవాడి కోసం కొంటాడు. చేతులు మారినకొద్దీ కథ ధర పెరుగుతుంది, సరుకు మాత్రం పెట్టినచోటే ఉంటుంది. ఈ వరసలో అందరికంటే చివర నిలబడేవాడు కస్టమర్. ఒక్క రక్తపు చుక్కతో ఎన్నో పరీక్షలు చేస్తామన్న థెరనోస్ కేసు చూడండి. 2022 జనవరిలో జ్యూరీ ఎలిజబెత్ హోమ్స్‌ను ఇన్వెస్టర్లను మోసగించిన అభియోగాల్లో దోషిగా తేల్చింది, 11 ఏళ్ల పైచిలుకు జైలు పడింది. రోగులను మోసగించిన అభియోగాలు మాత్రం నిలవలేదు. తప్పుడు రిపోర్టు చేతికొచ్చిన రోగికి పిచ్ చెప్పలేదు కదా!

మన దగ్గర ఆ చివరన నిలబడ్డది తల్లిదండ్రులు. ఆన్‌లైన్ పాఠాల కంపెనీ బైజూస్ 2020లో 30 కోట్ల డాలర్లకు కొన్న వైట్‌హ్యాట్ జూనియర్ ప్రకటనల్లో వుల్ఫ్ గుప్తా అనే బాలమేధావి ఉండేవాడు. కోడింగ్ నేర్చుకుని గూగుల్‌లో కోట్ల జీతం కొట్టేశాడు. ఒక ప్రకటనలో ఒక జీతం, ఇంకో ప్రకటనలో ఇంకో జీతం. తేడా ఎందుకొచ్చిందంటే అలాంటి పిల్లవాడే లేడు. 2022లో బైజూస్ విలువ 2,200 కోట్ల డాలర్లు. 2021 మార్చితో ముగిసిన ఏడాది లెక్కలు ఏడాదిన్నర తరువాత, 2022 సెప్టెంబరులో బయటికొచ్చాయి. నష్టం 4,588 కోట్ల రూపాయలు. అక్టోబరులో 2,500 మంది ఉద్యోగులను తీసేస్తున్నామన్నారు, నవంబరులో మెస్సీని ప్రచారానికి తెచ్చుకున్నారు. డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు పంచిన ట్యాబుల్లోనూ ఆ కంపెనీ పాఠాలే. 2024 జూలైలో దాన్ని దివాలా ప్రక్రియలోకి లాగింది ఎవరో తెలుసా? భారత క్రికెట్ బోర్డు. జెర్సీ మీద పేరు వేయించుకున్న బాకీ, 158 కోట్లు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత.

అందరూ ఇంతేనా అంటే కాదు. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి ఫణీంద్ర సామకు బస్సు టికెట్ దొరకలేదు. ఏజెంట్ల చుట్టూ తిరిగాడు. ఎక్కడో ఏదో బస్సులో సీటు ఖాళీగా ఉండి ఉంటుంది, కానీ ఆ సంగతి ఈ ఏజెంటుకు తెలిసే దారి లేదు. మరుసటి ఏడాది స్నేహితులతో కలిసి రెడ్‌బస్ మొదలెట్టాడు, 2013లో దాన్ని ఐబిబో సంస్థ కొనేసింది. ఈ కథకు అమ్మమ్మ అక్కర్లేదు, ఏఐ అక్కర్లేదు. పండక్కి టికెట్ కోసం బస్టాండ్లో నిలబడ్డ ప్రతి తెలుగువాడూ దానికి సాక్షే. కథ నిజమైతే అలంకారం అవసరం పడదు.

కాబట్టి బాబూ, పిచ్ చెప్పడానికి వెళ్లేటప్పుడు మీ చుట్టం కాని మనిషి, డిస్కౌంట్ లేకుండా, రెండోసారి కొన్న బిల్లు ఒకటి చూపించు. అది ఉంటే కథ దానంతట అదే వస్తుంది. లేకపోతే ముందు ఆ బిల్లు సంపాదించు, కథ తరువాత చెప్పుకోవచ్చు.

పాఠకులకు ఇంకో మాట. ఈ కథలు ఎక్కడో మాదాపూర్‌లో తిరుగుతున్నాయి, మనకేంలే అనుకోకండి. ఎవరికీ అమ్మలేని రోజు వచ్చినప్పుడు అవి ఐపీఓ పేరుతో నేరుగా మీ ఫోన్‌లోకి వస్తాయి. 2021 నవంబరులో పేటీఎం షేరును 2,150 రూపాయలకు అమ్మారు. తొలి రోజే 27 శాతం పడింది. వ్యాపారం నిజమే, ధర మాత్రం కథది. నష్టాల చరిత్ర ఆఫర్ పత్రంలో అచ్చయే ఉంది. సెబీ నిబంధనల ప్రకారం అలాంటి ప్రతి పత్రంలో నష్టభయాల అధ్యాయం ఉండి తీరాలి. డబ్బు కట్టేముందు అది చదవండి.